కుర్రాడు సరిగ్గా 8 అయ్యేసరికి బ్యాగు తగిలించుకుంటున్నాడు, నేనేం తప్పు చేశాను?

షట్టర్_నపేట
నరసన్నపేటలో ఫ్రిజ్‌లు, టీవీలు, మిక్సీల కొట్టు నాది. ఆరుగురు కుర్రాళ్ళు పనిచేస్తున్నారు. అందులో ఒకడి గురించే ఈ గోలంతా. 22 ఏళ్ళు, ఐటీఐ చదివాడు, టెక్కలి అవతల పల్లె. చేరిన కొత్తలో వీడు దొరకడం నా అదృష్టం అనుకున్నాను. షట్టర్ దించాక కూడా ఉండి, మర్నాటి డెలివరీలన్నీ ఏ ఊరి తర్వాత ఏ ఊరో వరస పెట్టి రాసేవాడు. ఏ మోడల్ ఎంత, నెలకి ఎంత కట్టాలి అని ఫోటోలతో వాట్సాప్ క్యాటలాగ్ ఒకటి తయారుచేశాడు. నేను అడగనేలేదు. ఓ ఆదివారం పోలాకి వెళ్ళి ఎవరో ముసలావిడ మిక్సీ బాగుచేసి వచ్చాడు, బండి వాడిది, పెట్రోలు వాడిది.

ఇప్పుడు నాలుగు నెలలుగా 9:30కి హాజరు మెషీన్లో వేలు పెడతాడు, 8కి వేలు పెడతాడు, వెళ్ళిపోతాడు. మధ్యలో చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, ఆపైన ఒక్క పుల్ల కదపడు. తిడదామంటే తప్పు దొరకదు. జీతం తగ్గించానా అంటే లేదు, దసరాకి వెయ్యి పెంచాను, ఇప్పుడు 12 వేలు. ఈ కాలం కుర్రాళ్ళకి ఏం చేస్తే మనసు పెట్టి పనిచేస్తారు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రాజాం_టు_కొండాపూర్
చెప్పిన పని తప్పు లేకుండా చేస్తున్నాడని కంప్లైంటా? మా మేనేజర్ గాని వింటే ఆ కుర్రాణ్ణి రాత్రికి రాత్రే ఎత్తుకుపోతాడు.

షట్టర్_నపేట
నవ్వులాటలా ఉందా బాబూ నీకు.

రాజాం_టు_కొండాపూర్
లేదు సార్, ఏడుపే. రాత్రి 11 గంటలకి "చిన్న పని, రెండు నిమిషాలు" అని మెసేజ్ వస్తుంది నాకు. ఆ రెండు నిమిషాలు ఒంటిగంటకి అవుతాయి.

కల్లం_కబుర్లు
రిటైరైన మేష్టారి బుర్ర నాది, కాస్త ఓపిక పట్టండి. పాలకొండ వైపు మా ఇంట్లో చిన్నప్పుడు కంబారి (పాలేరు) ఉండేవాడు. ఏడాదికి ఇంత ధాన్యం, పండక్కి బట్టలు అని మాట. మబ్బు పట్టిందంటే అర్ధరాత్రి ఎవరూ లేపకుండానే లేచి కళ్ళంలో కుప్ప మీద గడ్డి కప్పేవాడు. బుగత (భూస్వామి) చెప్పాలని చూసేవాడు కాదు. ఆ కుప్ప తనదనుకునేవాడు. ఇప్పటి గుంటలకి, అదే కుర్రాళ్ళకి, ఆ "నాది" అన్నదే లేకుండా పోయింది.

ఉద్దానం_లైను
మేష్టారూ, మా తాత కంబారే. కుప్ప తడిసిపోతే ఆడి ధాన్యం ఎక్కణ్ణుంచి వస్తాది? కూతురి పెళ్ళికి బుగత దగ్గర తీసిన అప్పు ఎలగ తీరుతాది? అందుకు లేచేవాడు అర్ధరాత్రి. ప్రేమా నేదు, దోమా నేదు. ఒగ్గేసి ఎల్లిపోదామంటే దారి నేదు. ఇప్పుడు గుంటడు రాత్రి పలాసలో రైలెక్కితే మర్నాటికి హైదరాబాదులో ఉంటాడు. అదీ తేడా.

కల్లం_కబుర్లు
నిజమే రా నాయనా. మా అరుగు మీంచి అది కనపడలేదు.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
ఇక్కడ అసలు విషయం ఎవరూ అడగట్లేదు. పొద్దున్న 9:30 నుంచి రాత్రి 8 అంటే పదిన్నర గంటలు. భోజనానికి గంట తీసేసినా తొమ్మిదిన్నర. అది మామూలు డ్యూటీ, ఆ పైన చేస్తే "మనసు పెట్టడం"! ఫ్యాక్టరీ లెక్క చెప్తా వినండి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 59 అని ఉండేది. రోజుకి 9 గంటలు గాని, వారానికి 48 గంటలు గాని దాటితే మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలని. కొట్టుకి ఆ చట్టం వచ్చేది కాదు, షాపులకి వేరే చట్టం ఉంది, తెలుసు. నేను చెప్పేదేంటంటే, ఎక్కువ పనికి ఎక్కువ డబ్బు అన్నది 1948లోనే రాసుకున్న మాట. దాన్ని మనం మనసు, అంకితభావం అని పేర్లు పెట్టి ఎగ్గొడుతున్నాం.

జీడి_అప్ప_పలాస
సి షిఫ్ట్ తమ్ముడూ, అన్నీ చట్టంతో తూస్తే చిన్న వ్యాపారం నడవదు. ఓనర్ల తరఫున ఓ మాట చెప్పనీ. మాది చిన్న జీడి యూనిట్. పిక్క కొట్టినా పొట్టు తీసినా కిలోకి ఇంత అని కూలి. అక్కడ "ఎక్కువ పని" అన్న మాటే లేదు, ఎంత చేస్తే అంత. బావుంది కదా అనుకుంటారు. కానీ చూడు, కిలో లెక్క పెట్టాక పప్పు విరిగినా ఎవరికీ పట్టదు, చెయ్యి ఆగకూడదంతే. గుండుకీ (విరగని పప్పుకీ) బద్దకీ ధరలో ఎంత తేడానో పలాసలో పసిపిల్లాడు కూడా చెప్తాడు. మా దగ్గర ఒకే ఒక పిల్ల ఉంది, గ్రేడింగ్ బల్ల దగ్గర. 320 రకం అంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగాలి. ఆ పిల్ల చేత్తో దోసెడు తీసి చూసి చెప్పేస్తాది. అడక్కుండానే కొత్త వాళ్ళకి నేర్పుతాది. దానికి నేను ఎక్కువేం ఇవ్వట్లేదు. ఎందుకు చేస్తావే అంటే "నాకు తెలిసింది కదప్పా" అంటాది. అంతే.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
అప్పా, "ఎక్కువేం ఇవ్వట్లేదు" అన్న ముక్క మీరే రాశారు. ఓసారి మళ్ళీ చదువుకోండి.

జీడి_అప్ప_పలాస
చదివాను. ఈ నెల చూస్తాలే, ఊరుకో.

కోట_జంక్షన్_ఎంబీఏ
విజయనగరంలో ఎంబీఏ పిల్లలకి ఇదే పాఠం చెప్తాను కాబట్టి కొంచెం జోక్యం. ఫ్రెడరిక్ హెర్జ్‌బెర్గ్ అని అమెరికా ఆయన, 1959లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండొందల మంది ఇంజినీర్లని, అకౌంటెంట్లని అడిగి రాశాడు. ఉద్యోగంలో ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు చిరాకేసింది అని. చిరాకు సంగతి వచ్చేసరికి కంపెనీ రూళ్ళు, పై అధికారి తీరు, జీతం లాంటివి చెప్పారు. బాగా అనిపించిన సంగతుల్లో ఎక్కువగా ఏదో సాధించడం, ఎవరో గుర్తించడం, పనిలో పస ఉండడం వచ్చాయి. అంటే జీతం తక్కువైతే మనసు విరుగుతుంది గాని, పెంచినంత మాత్రాన లేచి గంతులెయ్యదు. షట్టర్ గారి వెయ్యి రూపాయల సంగతి అదే అయుంటుంది.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ అడిగాడు కాబట్టి అలా వచ్చింది మేడమ్. 12 వేల కుర్రాణ్ణి అడిగుంటే జీతం మొదటి పేజీలో ఉండేది.

కోట_జంక్షన్_ఎంబీఏ
ఆ విమర్శ ఆయన మీద ఎప్పటి నుంచో ఉంది. మా క్లాసులో కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అడిగినవాడు సాధారణంగా రాత్రిపూట ఏదో కొట్టులో పనిచేస్తున్నవాడే.

రాజాం_టు_కొండాపూర్
మేడమ్ అటెండెన్స్ వేసుకుంటారా, ఉండనా వెళ్ళనా

కోట_జంక్షన్_ఎంబీఏ
సిరిమానోత్సవం నాడు తప్ప మా దగ్గర అందరికీ అటెండెన్స్ ఉంటుంది.

బ్రాంచి_పోస్టు_పిల్ల
నేను బీపీఎంని, అంటే బ్రాంచి పోస్టుమాస్టర్ని, హిరమండలం వైపు. మాది 4 గంటల డ్యూటీ, 12 వేలు, పైన డీఏ. నిజానికి ఏ రోజూ 4 గంటల్లో అవ్వదు. ముసలాళ్ళు పాస్ బుక్కు పట్టుకొస్తారు, కొడుకు చెన్నై నుంచి వేశాడో లేదో చూడమంటారు. వెయ్యకపోతే అక్కడే కూచుని ఏడుస్తారు. అప్పుడు కొడుక్కి ఫోన్ చెయ్యడం కూడా నాదే. ఇది ఏ రూల్ బుక్కులోనూ లేదు. ఎందుకు చేస్తానంటే గొప్ప కారణం ఏం లేదు. చేరిన ఏడాది వరకు నన్ను "పోస్టాఫీసు గుంట" అనేవాళ్ళు. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. జ్వరం వచ్చి రెండ్రోజులు రాకపోతే ములక్కాడలు పంపించారు. అలాగని రోజూ నవ్వుతూ చెయ్యను. కొన్ని రోజులు టైమవ్వగానే తలుపేసి ఇంటికెళ్ళి పడుకుంటాను, ఎవరు పిలిచినా పలకను.

ఉద్దానం_లైను
ఈ పోస్టు పిల్ల చెప్పిందే నాదీ. కాస్త పొడుగ్గా ఉంటాది, తిట్టుకోకండి.

2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే ఒడ్డెక్కింది. అప్పటికి నాను కాంట్రాక్టు మీద కరెంటు పన్లో ఉన్నాను. తెల్లారి బయటికొస్తే కొబ్బరి చెట్టు ఒక్కటి తిన్నగా నేదు, జీడి తోటలు దువ్వెనతో ఒకేపు దువ్వినట్టు పడున్నాయి. స్తంభాలు సరేసరి. వేరే జిల్లాల కుర్రాళ్ళు కూడా వచ్చారు. స్కూలు వరండాల్లో పడుకునేవాళ్ళం. చెట్లు కొయ్యడం నా పని కాదు, గుంతలు తియ్యడం నా పని కాదు, అన్నీ చేశాను. ఇదెవరి పని అని అడిగినోడు నేడు. ఇన్ని గంటలు చేశానని రాసుకున్నోడూ నేడు. ఓ ఊళ్ళో రాత్రి లైను ఛార్జి చేశాం. బల్బు ఎలగ్గానే ఊరంతా ఒక్కసారి కేకేసింది. ఆ కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఓ అప్ప వచ్చి నా చేతిలో రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టింది. ఆవిడ ఇంటికి కప్పు నేదు.

తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, ఎక్కడో చెప్పను. అక్కడో రాత్రి పక్కూళ్ళో ఫ్యూజు పోయిందంటే వెళ్ళి వేసొచ్చాను. మర్నాడు పెద్దసారు నలుగురిలో అన్నాడు, "నీ ఊరు కాదు కదా, నిన్నెవడు ఎక్కమన్నాడు, ఏదైనా అయితే నా మెడకి చుట్టుకోదా?" అని. ఆయన మాటలో తప్పు నేదు, నిజంగా అయుంటే ఆయనే జవాబు చెప్పాలి. కానీ ఆ రోజు నుంచి పక్కూరు ఫోన్ వస్తే కరెంటు కంప్లైంట్ల నంబరు 1912కి చెయ్యండి అని పెట్టేస్తన్నాను. అదే మనిషిని, అవే చేతులు.

కల్లం_కబుర్లు
దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
షట్టర్ గారూ, రెండు ప్రశ్నలు. ఆ వాట్సాప్ క్యాటలాగ్ మీద ఎవరి ఫోన్ నంబరు ఉంది?

షట్టర్_నపేట
మా బావమరిదిది. కౌంటర్లో కూచునేది తనే కదా. అయితే?

పైడిభీమవరం_సి_షిఫ్ట్
అయితే ఏం లేదు. సొమ్మొకడిది, సోకొకడిది. మా ప్లాంటులో ఒక ప్రొడక్టు అయ్యాక రియాక్టరు కడిగి ఇంకోటి ఎక్కించడానికి ఒకటిన్నర షిఫ్టు పట్టేది. నేనూ ఇంకో కుర్రాడూ కడిగే వరస మార్చి చూశాం, ఒక షిఫ్టులో అయిపోయింది. మీటింగులో మా సీనియరు స్లైడ్లు వేసి చూపించాడు. ఆఖర్న "టీమ్‌కి థాంక్స్" అన్నాడు. ఆ టీమ్ సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసి నిద్రపోతోంది అప్పుడు. కంపెనీ పేరు అడగొద్దు.

రాజాం_టు_కొండాపూర్
రెండో ప్రశ్న?

పైడిభీమవరం_సి_షిఫ్ట్
"వేలు పెడతాడు" అని రాశారు. ఆ వేలు మెషీన్ ఎప్పుడు పెట్టారు?

షట్టర్_నపేట
జూన్‌లో. దానికీ దీనికీ ఏం సంబంధం? మిగతా వాళ్ళలో ఇద్దరు పదిన్నరకి ఊగుతూ వచ్చేవాళ్ళు. అడిగితే ఆటో దొరకలేదు, టైరు పంచరు. ఎన్నాళ్ళని అరుస్తాను? మెషీన్ పెట్టాక మూడు లేట్లకి ఒక పూట జీతం కట్ అని రూలు పెట్టాను. అందరికీ ఒకటే రూలు. ఈ కుర్రాడి కోసం పెట్టింది కాదు.

జీడి_అప్ప_పలాస
అది మటుకు న్యాయమే. టయానికి రానోణ్ణి ఏం చెయ్యాలి మరి, హారతివ్వాలా?

బ్రాంచి_పోస్టు_పిల్ల
ఆ కుర్రాడికి ఎప్పుడైనా కట్ అయిందా?

షట్టర్_నపేట
గుర్తు లేదు. వాడు లేటు వచ్చే రకం కాదు. రిజిస్టరు చూసి చెప్తాను.

కోట_జంక్షన్_ఎంబీఏ
ఈలోగా ఒక కథ, నిజంగా జరిగింది. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో పది పిల్లల సంరక్షణ కేంద్రాలు. సాయంత్రం తల్లిదండ్రులు టైముకి వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళాలి. కొందరు ఆలస్యంగా వస్తే టీచరు పాపం కూచుని ఉండాలి. యూరి నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆరు కేంద్రాల్లో జరిమానా పెట్టించారు. పది నిమిషాలు దాటితే వాళ్ళ డబ్బుల్లో 10 షెకెల్లు. ఆలస్యాలు తగ్గాలి కదా? పెరిగాయి, ఇంచుమించు రెట్టింపయ్యాయి. అంతకుముందు "అయ్యో, టీచర్ ఎదురుచూస్తోంది" అని పరిగెత్తేవాళ్ళు ఇప్పుడు "కడుతున్నాం కదా" అనుకున్నారు. 2000 సంవత్సరంలో ఈ పరిశోధన అచ్చయింది.

కల్లం_కబుర్లు
మా స్కూల్లో ఫైన్ పెట్టిన ఏడాదే ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ధనవంతుల పిల్లలు ముందే నెల ఫైన్ కట్టేసేవాళ్ళు! ఇప్పుడర్థమైంది.

రాజాం_టు_కొండాపూర్
మేష్టారూ అది ఫైన్ కాదు, సీజన్ టికెట్టు

షట్టర్_నపేట
రిజిస్టరు చూశాను. జులైలో ఒక పూట కట్ అయింది వాడికి. 211 రూపాయలు. సాఫ్ట్‌వేర్ దానంతటదే తీసేసింది, నాకు తెలీదు కూడా. మూడు లేట్లూ ఒకే వారంలో ఉన్నాయి. మిగతా కుర్రాళ్ళని అడిగాను. ఆ వారం వాడు వచ్చే దారిలో ఎవరింట్లోనో ఫ్రిజ్ పనిచెయ్యట్లేదంటే పొద్దున్నే ఆగి చూసి వచ్చేవాట్ట. మనం అమ్మిన ఫ్రిజ్జే. మూడు రోజులు ఆగాడట, మూడో రోజుకి స్టెబిలైజర్ మార్చితే నడిచిందట.

ఉద్దానం_లైను
ఓర్నాయనో.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
రాత్రి 8 తర్వాత ఉన్న గంటలు ఆ మెషీన్ ఎక్కడ రాసింది షట్టర్ గారూ?

షట్టర్_నపేట
రాస్తుంది. అవుట్ టైము ఉంటుంది. జీతం లెక్కలోకి తీసుకోదు.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
సరే.

జీడి_అప్ప_పలాస
211 రూపాయలకి నాలుగు నెలలు మొహం మాడ్చుకుని కూచుంటారా ఎవరైనా? వచ్చి ఒక మాట అడగొచ్చు కదా. అడగందే అమ్మైనా పెట్టదు.

బ్రాంచి_పోస్టు_పిల్ల
అప్పా, 211 కోసం కాదు. అడగాలంటే "నేను మీ కస్టమర్ ఇంటికెళ్ళాను" అని తను చేసింది తనే చెప్పుకోవాలి. అడక్కుండా చేసిన మంచి పనిని రసీదు చూపించి చెప్పుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు.

జీడి_అప్ప_పలాస
మ్.

కల్లం_కబుర్లు
పోస్టు పిల్ల పెద్ద మాట అంది.

షట్టర్_నపేట
సరే, తప్పు నాదే అనుకుందాం. మెషీన్ పీకేస్తాను. అప్పుడు మామూలైపోతాడా?

కోట_జంక్షన్_ఎంబీఏ
హైఫా కథలో ఆఖరి ముక్క చెప్పలేదు. కొన్ని వారాల తర్వాత జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు పాత స్థాయికి తగ్గలేదు, పెరిగిన చోటే ఉండిపోయాయి.

షట్టర్_నపేట
ఇదేం కథండీ బాబూ.

ఉద్దానం_లైను
పీకకండి. ఆ పదిన్నర బ్యాచి మళ్ళీ మొదలెడతాది. మెషీన్ ఉండనీ, మనిషి కూడా చూడాలి. రూలు ఇనుముది, దాన్ని తిప్పేది మీరు కదా.

రాజాం_టు_కొండాపూర్
మీ బావమరిది కూడా వేలు పెడతాడా?

షట్టర్_నపేట
…

రాజాం_టు_కొండాపూర్
చాలు, అర్థమైంది

షట్టర్_నపేట
(మూడు రోజుల తర్వాత) జరిగింది చెప్తాను. 211 కవర్లో పెట్టి వాడికిచ్చాను. జులైలో కట్ అయిందట, నాకు తెలీదు, తీసుకో అన్నాను. "పర్లేదు సార్" అన్నాడు. తీసుకోరా అంటే తీసుకున్నాడు. కౌంటర్ దగ్గరికెళ్ళి క్యాష్ బుక్కు తీసి "జులై కటింగ్ వాపసు, 211" అని రాసి, పక్కన సంతకం పెట్టాడు. 8కి వెళ్ళిపోయాడు.

పైడిభీమవరం_సి_షిఫ్ట్
ఈ కుర్రాడు నాకు నచ్చాడు.

కోట_జంక్షన్_ఎంబీఏ
నాకూ. క్యాటలాగ్ మీద నంబరు మార్చారా?

షట్టర్_నపేట
మార్చాను. కింద "తయారీ" అని వాడి పేరు కూడా వేయించాను. మా బావమరిది రెండ్రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. బావమరిది వేలు కూడా ఎక్కించాను మెషీన్లో. నాదీ.

జీడి_అప్ప_పలాస
నీది ఎందుకయ్యా, నువ్వు ఓనరువి!

షట్టర్_నపేట
మొదటి వారమే నాకు రెండు లేట్లు పడ్డాయి. ఇంకోటి పడితే ఒక పూట కట్.

కల్లం_కబుర్లు
ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి శిక్ష ఎవరికీ వెయ్యలేకపోయాను.

షట్టర్_నపేట
(రెండు వారాల తర్వాత) ఈ చర్చ ఇంకా ఎవరైనా చూస్తున్నారో లేదో. కుర్రాడు మానేస్తున్నాడు. విశాఖలో సర్వీస్ సెంటర్‌లో వచ్చిందట, 18 వేలు. నెలాఖరు వరకు ఉంటానన్నాడు. ఆపలేదు నేను, 18 ఇవ్వలేను.

వాడి చోటికి కొత్త పిల్లాణ్ణి తీసుకున్నాను, పందొమ్మిదేళ్ళు. నిన్న రాత్రి ఏదో మర్చిపోయి 8:40కి కొట్టుకి తిరిగొచ్చాను. షట్టరు సగం దించి ఉంది, లోపల లైటు. పాత కుర్రాడు 8కి వేలు పెట్టేసి, ఆ తర్వాత కూచుని కొత్తవాడికి క్యాటలాగ్ ఎలా మార్చాలో చూపిస్తున్నాడు. డెలివరీల వరస ఎలా రాయాలో కాగితం మీద బొమ్మ గీసి చెప్తున్నాడు, నపేట నుంచి పోలాకి, పోలాకి నుంచి జలుమూరు వద్దు, వెనక్కి తిరగాల్సొస్తుంది అని. నేను చెప్పలేదు. మా బావమరిది చెప్పలేదు.

బ్రాంచి_పోస్టు_పిల్ల
మీరు లోపలికి వెళ్ళారా?

షట్టర్_నపేట
లేదు. బయటే నిలబడ్డాను కాసేపు.

ఉద్దానం_లైను
టీ అయినా పంపారా బావూ?

షట్టర్_నపేట
ఎదురు హోటల్ నుంచి పంపాను. రెండు.